రస్క్ వారి ఇంటి పేరు

దీసా కేకు మీది ఇంటిపేరును కత్తితో గీరేసింది.

ఆకుపచ్చ బాదంముద్ద కప్పిన గుండ్రటి కేకు మీద తెల్ల క్రీముతో "స్వాగతం, చిట్టి రస్క్!" అని రాయించుకొచ్చాడు బెర్తిల్. ఇప్పుడు "స్వాగతం, చిట్టి" వరకే ఉంది. ఆ తర్వాత గుంట. గుంట చివర ఆశ్చర్యార్థకం మాత్రం, జరిగిందానికి తానే మొదట ఆశ్చర్యపోయినట్టు నిటారుగా నిలబడి ఉంది.

"ఎవరు గీరమన్నారు నిన్ను?" అన్నాడు బెర్తిల్.

"ఎవరు రాయమన్నారు నిన్ను?" అంది దీసా.

"తాతనమ్మా. మనవరాలికి కేకు తేకూడదా?"

"కేకు తే. పేరు తేకు."

దీసా కత్తి అంచు మీది క్రీమును వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. రస్క్ వారి పరువు అలా ఆమె నాలుక మీద కరిగిపోవడం బెర్తిల్ కళ్ళారా చూశాడు.

వంటింట్లో ఎవరి చోట వాళ్ళున్నారు. బెర్తిల్ భార్య మాయ్‌బ్రిట్ కాఫీ వంచుతోంది. బెర్తిల్ తల్లి ఎల్నా కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కాఫీలో గట్టి రస్కు ముంచుకు తింటోంది. తొంభై దాటిన మనిషి, పళ్ళు తక్కువ, వినికిడి తక్కువ, వినాలనుకున్నవి మాత్రం ఎక్కువే వినపడతాయి. బెర్తిల్ కొడుకు హాంపుస్ తుడిచిన కప్పునే మళ్ళీ తుడుస్తున్నాడు. వాడూ దీసా పెళ్ళి కాకుండానే ఆరేళ్ళుగా ఒకే కప్పు కింద ఉంటున్నారు. ఆ కప్పు దీసాది, ఆమె పేరుమీదున్న ఫ్లాటుది. ఈ కప్పు మాత్రం మాయ్‌బ్రిట్‌ది, దాని మీది పువ్వులు ఇవాళ్టితో పోయేలా ఉన్నాయి.

బయట వరండాలో, ఇక్కడి అలవాటు ప్రకారం చల్లగాలిలో, పిల్లల తోపుడుబండిలో పాప నిద్రపోతోంది. పేరు తీరా. తీరా పేరు పెట్టాక ఇంటిపేరు దగ్గర బండి ఆగింది. రేపటికి మూడు నెలలు నిండుతాయి. ఈలోగా తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే మాట మీద నిలబడి ఇంటిపేరు చెప్పకపోతే, ఈ దేశంలో పేర్లు నమోదు చేసే పన్నుల ఆఫీసువాళ్ళు తల్లి ఇంటిపేరే రాసేసుకుంటారు. అంటే తీరా ఆండర్సన్.

ఆ మాట తలుచుకుంటేనే బెర్తిల్‌కి ఒళ్ళు మండుతోంది.

"ఆండర్సన్!" అన్నాడు, పుచ్చుపన్ను మీద చల్లనీళ్ళు పడ్డట్టు మొహం పెట్టి. "ఈ దేశంలో కళ్ళు మూసుకుని రాయి విసిరితే ఆండర్సన్‌కే తగులుతుంది. లక్షల్లో ఉన్నారు. ఆండర్సన్ కాదది, అందరి సన్!"

"రాయి విసరడం దేనికి? రేపు మీ వంశం పేర పాతుతున్నావుగా" అంది దీసా.

"పైగా ఆడపిల్ల! ఆండర్ష్ గారి కొడుకు అని ఆడపిల్లకి పేరేంటి?"

"నన్ను చూశావా? నేనూ ఆడపిల్లనే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆండర్ష్ గారి కొడుకునే. మీసాలేమన్నా వచ్చాయా?"

"ఆగండాగండి" అంది మాయ్‌బ్రిట్. "పాత పద్ధతుంది కదా. హాంపుస్ కూతురు అని పెట్టండి. హాంపుస్‌దోత్తెర్. ఇప్పుడది కూడా ఒప్పుకుంటున్నారు."

"కన్నది నేను" అంది దీసా. "దీసా కూతురు ఎందుకు కాకూడదు?"

"చూశావా, దీనికి అంతుండదు!" బెర్తిల్ బల్ల మీద చేత్తో కొట్టాడు. కేకు వణికింది. "ఇవాళ దీసా కూతురు, రేపు దాని కూతురు తీరా కూతురు, ఎల్లుండి ఇంకో కూతురు. తరానికో పేరు మార్చుకుంటూ పోతే వంశమంటారా, వాతావరణమంటారా?"

బెర్తిల్ కోపానికి కారణం లేకపోలేదు. రేపు మధ్యాహ్నం అడవి అంచున, వాళ్ళ పూర్వీకుల సిపాయి గుడిసె ఉండిన చోట, రస్క్ వంశ సంఘం ఒక శిలాఫలకం నిలబెడుతోంది. సంఘానికి అధ్యక్షుడు బెర్తిల్. దక్షిణాన స్కోనె నుంచి, ఉత్తరాన మంచు జిల్లాల నుంచి కూడా రస్కులు కార్లేసుకొస్తున్నారు. అందరి ముందూ పాపనెత్తుకుని, "ఇదిగో, అందరికన్నా చిన్న రస్క్" అనాలని ఆయన ఆశ. ప్రసంగం అద్దం ముందు చదువుకున్నాడు. ఆ ప్రసంగంలో ఆండర్సన్‌కి చోటు లేదు.

"రస్క్ అంటే ఏంటి?" అన్నాడు గొంతు సవరించుకుని. ఇంట్లోవాళ్ళు కప్పుల్లోకి చూశారు. "చురుకు! ఈ స్మోలాండ్ రాళ్ళనేలలో పుట్టిన కుర్రాడు. సైన్యంలోకెళ్ళాడు. వాడి పరుగు చూసి దళాధికారి, 'ఒరే, ఇవాళ్టినుంచి నీ పేరు చురుకు' అన్నాడు. ఆ చురుకే మన రక్తంలో..."

"నలభై రెండేళ్ళ క్రితం ఈ చురుకు వారి గుమ్మంలో చెప్పులు విప్పాను" అంది మాయ్‌బ్రిట్. "అప్పటిదాకా యోహాన్సన్‌ని. చురుకెక్కడుందో ఇంకా వెతుక్కుంటున్నాను. చురకలైతే చాలానే దొరికాయి."

బెర్తిల్ బతుకంతా డ్రైవింగు నేర్పాడు. 'నెమ్మదిగా, నెమ్మదిగా' అనడమే ఆయనకి జీతం తెచ్చిన మాట. పాఠం చెప్పేవాడి కాలి కింద కూడా ఒక బ్రేకుండే కారు అది. ఉద్యోగం మానేశాక కారు వెనక్కిచ్చాడు గానీ, ఆ కాలు ఇంటికి తెచ్చుకున్నాడు. ఎవరు ఏ మలుపు తిరగబోయినా ఆయన కాలు కింద నొక్కుతుంది.

"హాంపుస్" అంది దీసా.

కప్పు తుడుపు ఆగింది.

"నువ్వు చెప్పు. మీ నాన్న చెప్పింది విన్నాం. మీ అమ్మ చెప్పింది. నేను చెప్పింది. కేకు కూడా దాని మాటేదో అది చెప్పింది. నువ్వు?"

హాంపుస్ కప్పును వెలుగులో పెట్టి చూశాడు. కప్పులో సమాధానం లేదు.

"రెండూ... బానే ఉన్నాయి."

"రెండూ బానే ఉన్నాయట!" దీసా నవ్వింది. ఆ నవ్వులో పంచదార లేదు. "చెప్పుల షాపనుకున్నావా? ఒక కాలికి రెండు జోళ్ళూ ఎక్కవు, హాంపుస్. మొదటి నెల అడిగితే ఆలోచిస్తున్నా అన్నావు. రెండో నెల అడిగితే ఇంకా ఆలోచిస్తున్నా అన్నావు. ఇవాళ అడిగితే బానే ఉన్నాయి. ఇంత చురుకు నేనెక్కడా చూళ్ళేదు."

'చురుకు' అన్న మాటకి హాంపుస్ చెవులు ఎర్రబడ్డాయి. అది దీసా చూడలేదు. ఎల్నా చూసింది.

"తొందరపెట్టకు వాణ్ణి" అన్నాడు బెర్తిల్. "రస్క్ అనే అంటాడు. నా కొడుకు. వాడికి తెలుసు, వాడు ఎవరి మునిమనవడో."

"ఎవరి మునిమనవడు?" అంది కిటికీ పక్కనుంచి ఎల్నా.

"అమ్మా, నువ్వు కాఫీ తాగు."

"తాగుతూనే అడుగుతున్నా. రాయి మీద ఎవడి పేరు చెక్కించావురా?"

"తెలిసిందేగా. యోహాన్ రస్క్. మన మూలపురుషుడు."

ఎల్నా చేతిలో రస్కు సగం విరిగి కాఫీలో పడింది. చెంచాతో దేవుకుంది. ఆ పని అయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు, ఎందుకంటే ఆవిడ నోరు విప్పబోతున్నదని అందరికీ అర్థమైంది, ఒక్క బెర్తిల్ మాత్రం తలుపు వైపు చూస్తున్నాడు.

"వాడు మనవాడు కాదుగా" అంది.

"అమ్మా!"

"ఏంట్రా అమ్మా? మా అత్తగారు కోడలిగా వచ్చినప్పుడు వాళ్ళత్తగారు చెప్పింది, నేను కోడలిగా వచ్చినప్పుడు ఆవిడ నాకు చెప్పింది. కోడళ్ళకి చెప్పే కథ ఇది. కొడుకులకి చెప్పరు, రొమ్ము విరుచుకు తిరుగుతారు కదా, పాపం, ఎందుకులే అని." దీసా వైపు తిరిగింది. "విను పిల్లా. ఆ రోజుల్లో నాలుగిళ్ళవాళ్ళు కలిసి ఒక సిపాయిని పోషించాలి. గుడిసె ఇచ్చేవాళ్ళు, ఆవునిచ్చేవాళ్ళు, ఇంత బంగాళాదుంపల నేలిచ్చేవాళ్ళు. ఇక దళంలో చూస్తే అందరూ నీల్స్ కొడుకులు, అందరూ ఆండర్ష్ కొడుకులు. 'నీల్సన్!' అని కేకేస్తే పది తలలు తిరిగేవి. అందుకని పొట్టి పేర్లు తగిలించారు. చురుకు, ధీరుడు, డాలు, బాకు, అలా."

"అదేగా నేను చెప్తున్నది" అన్నాడు బెర్తిల్.

"నువ్వు సగం చెప్తున్నావు. ఆ పేరు మనిషికి కాదురా పెట్టింది, ఆ గుడిసెకి. యోహాన్ జ్వరంతో పోయాడు. గుడిసె ఖాళీగా ఉంటే ఒప్పుకోరు కదా, నాలుగిళ్ళవాళ్ళూ ఇంకొకణ్ణి వెతికారు. పక్కూరి నీల్స్ కొడుకు, సోమరిగొడ్డు. వాడికి గుడిసె ఇచ్చారు, ఆవునిచ్చారు, యోహాన్ పెళ్ళాం అక్కడే ఉంది కాబట్టి ఆవిణ్ణీ ఇచ్చారు. వాటితోపాటే గోడకున్న పేరూ ఇచ్చారు. పొద్దున నీల్సన్, సాయంత్రం రస్క్. మనం ఆ రెండోవాడి సంతానం. వాడు జన్మలో ఒక్కసారి పరిగెత్తాడట, ఆవు తాడు తెంచుకున్నప్పుడు."

మాయ్‌బ్రిట్ కాఫీ కూజా కింద పెట్టింది. నవ్వాలో వద్దో తెలియక పెదవులు బిగించుకుంది.

"ఇంటిపేరు, ఇంటిపేరు అని ఊరేగుతావు" అంది ఎల్నా. "ఇంటిపేరంటే ఇంటి పేరే. ఇంట్లో ఎవడుంటే వాడిది."

దీసా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇందాకటి నుంచీ ఆమె కూర్చోవడం ఇదే మొదటిసారి.

"అయితే రేపొచ్చే రస్కులందరూ?"

"ప్రతి దళంలోనూ ఒక రస్క్ ఉండేవాడు తల్లీ. చలాకీగా కనపడ్డవాణ్ణల్లా చురుకనడమే. ఆ స్కోనె వాళ్ళకీ మనకీ చుట్టరికం నా తలకీ వెంట్రుకలకీ ఉన్నంత." ఎల్నా పలచబడ్డ నెత్తి తడుముకుంది. "పిలిచారు, వస్తున్నారు. కాఫీ పోయండి, పోతారు."

"బెర్తిల్" అంది మాయ్‌బ్రిట్ మెల్లిగా. "నీకిది తెలుసా?"

బెర్తిల్ కేకు పెట్టె మూత తీసి చేతిలో పట్టుకున్నాడు. మళ్ళీ కింద పెట్టాడు.

"ఏమయ్యా, తెలుసా అంటున్నాను."

"తెలిస్తే మాత్రం?" అన్నాడు. "రాయి మీద రాయించేశాను. రాయి కదా, చెరిపి రాయి అంటే కుదురుతుందా? యాభై మందికి చెప్పాను. ఎవడో నీల్స్ కొడుకు, ఆవు వెనకాల పరిగెత్తినవాడు, వాడి పేరు చెక్కిస్తే ఎవరొస్తారు?" గొంతు తగ్గింది. "నేను జీవితంలో ఏం చేశానే? పక్క సీట్లో కూర్చున్నాను. నాకంటూ ఉన్నది ఈ పేరొక్కటే."

వరండాలో తోపుడుబండి ఒకసారి కిర్రుమంది. పాప కదిలి, మళ్ళీ నిద్రలోకి జారింది.

అప్పుడు హాంపుస్ మాట్లాడాడు. మాట్లాడినవాడు వాడేనా అని ముందు ఎవరికీ నమ్మకం కలగలేదు.

"అలాగైతే నేనూ అదే చేస్తా."

"ఏది?" అన్నాడు బెర్తిల్.

"ఆ నీల్స్ కొడుకు చేసిందే. ఎవరింట్లో ఉంటే వాళ్ళ పేరు. నేనుంటున్నది దీసా ఇంట్లో. పాప ఆండర్సన్. నేనూ... నేనూ ఆండర్సన్ అవుతా. ఆ పేరుకి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కావాలన్నవాళ్ళెవరైనా తీసుకోవచ్చు. కనుక్కున్నా."

ఇల్లరికం అల్లుళ్ళను చూశాం గానీ, పెళ్ళయినా కాకుండా పేరుకి ఇల్లరికం వెళ్ళేవాణ్ణి బెర్తిల్ ఎక్కడా చూడలేదు. ఆయన కాలు బల్ల కింద నేలను గట్టిగా నొక్కింది. నేల ఆగలేదు.

"ఒరే, ఏం మాట్లాడుతున్నావురా? ఈ పేరు నీకంత బరువైందా?"

"అయింది."

"ఎప్పుడు?"

"బడిలో" అన్నాడు హాంపుస్. వాడికి మాట వెంటనే రాదు. వాక్యం మధ్యలో ఆగి, గాలి తీసుకుని, మళ్ళీ మొదలుపెడతాడు. చిన్నప్పటి నుంచీ అంతే. "పలక్కుండా నిలబడితే, 'చురుకూ, చురుకూ' అనేవాళ్ళు. పరుగుపందెంలో ఆఖరున వస్తే చప్పట్లు కొట్టి 'చురుకొచ్చాడు' అనేవాళ్ళు. అది... అది నేను పట్టించుకోలేదు. పిల్లలు కదా."

"మరింకేంటి?"

"పద్దెనిమిదేళ్ళప్పుడు నువ్వు నాకు కారు నేర్పావు."

బెర్తిల్ మొహంలో ఏదో కదిలింది.

"గేరు మార్చడం ఆలస్యమైన ప్రతిసారీ, 'ఒరే, నీ ఇంటిపేరు గుర్తుందా' అనేవాడివి. వెనక సీట్లో ఇంకో ఇద్దరు నేర్చుకునేవాళ్ళు కూర్చుని ఉండేవాళ్ళు. వాళ్ళు నవ్వేవాళ్ళు. నువ్వూ నవ్వేవాడివి." హాంపుస్ కప్పును బోర్లించాడు. "నా కూతురు కూడా నాలాగే నెమ్మదస్తురాలేమో. అప్పుడే ఎలా తెలుస్తుంది? దానికి ఆ పేరొద్దు."

"అది సరదాకి అన్నాన్రా" అన్నాడు బెర్తిల్.

"తెలుసు."

"సరదాకిరా!"

"తెలుసు నాన్నా."

ఎల్నా చేయి చాచి మనవడి మోచెయ్యి పట్టుకుంది. మాయ్‌బ్రిట్ గోడకేసి తిరిగి, అక్కడ లేని మరకను వేలితో గోకుతోంది.

ఇక దీసా సంతోషించాలి. గెలిచింది ఆమె. పాప ఆండర్సన్, పాప తండ్రి కూడా ఆండర్సన్. కోరుకున్నదానికన్నా ఒక తల ఎక్కువే వచ్చింది.

దీసా లేచి, కుర్చీ వెనక వేలాడుతున్న పాప దుప్పటి తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. మడత సరిగ్గా పడలేదు. విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"మొదటి వారమే నేను రస్క్‌కి ఒప్పుకుందామనుకున్నాను" అంది.

"ఏంటీ?" అన్నారు బెర్తిల్, హాంపుస్ ఒకేసారి. ఆ ఇంట్లో తండ్రీకొడుకుల మాట కలవడం అరుదు.

"ఆండర్సన్ మీద నాకేం మోజు లేదు. మా క్లాసులో ఆరుగురం. హాంపుస్, నువ్వు ఒక్కసారి అడిగితే సరేననేదాన్ని. 'దీసా, నాకిది ముఖ్యం' అంటే చాలు. లేదా, 'దీసా, నాకీ పేరంటే భయం' అన్నా చాలు. నువ్వు అడగలేదు. మీ నాన్న అడిగాడు. వారం వారం ఫోన్ చేసి అడిగాడు. అందుకే వద్దన్నాను. నీ నోట్లోంచి ఏదో ఒకటి ఊడిపడుతుందేమోనని మూడు నెలలు పోట్లాడాను, నాకు అక్కర్లేని పేరు కోసం!"

"ఇప్పుడు చెప్పాగా" అన్నాడు హాంపుస్.

"ఎవరికి చెప్పావు? మీ నాన్నకి చెప్పావు. ఆరేళ్ళుగా ఒకే మంచం మీద పడుకుంటున్నాం, బడి సంగతి నాకెప్పుడైనా చెప్పావా? కారు సంగతి? నేనిందాక కూడా చురుకు అని ఎగతాళి చేశాను. నాకు తెలియదు కాబట్టి చేశాను. నన్ను కూడా ఆ వెనక సీట్లోవాళ్ళతో కలిపేశావు కదా నువ్వు!"

హాంపుస్ నోరు తెరిచాడు. గాలి తీసుకున్నాడు.

"యుద్ధానికి నన్ను పంపించి నువ్వు గుడిసెలో కూర్చున్నావు" అంది దీసా. "మంచి సిపాయివి."

ఆమె గుమ్మం దగ్గర వంగి బూట్లు వేసుకుంది. లేసులు బిగించకుండానే తలుపు తీసింది. బయటినుంచి తడిసిన ఆకుల వాసన లోపలికొచ్చింది. తోపుడుబండి చక్రం దగ్గరి బ్రేకును కాలితో తన్నింది. ఈ ఇంట్లో ఈ ఒక్క బ్రేకే ఆమె కాలికింద ఉంది.

"దీసా, కేకన్నా తిని వెళ్ళమ్మా" అంది మాయ్‌బ్రిట్, ఏమనాలో తోచక.

"రేపటికి తెలియజేయాలి కదా" అన్నాడు బెర్తిల్ నీరసంగా. ఏ పేరు తెలియజేయమంటున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

హాంపుస్ మేజోళ్ళతోనే వరండాలోకొచ్చాడు. చెక్కల మీది తడి కాళ్ళకి తగిలింది.

"ఎక్కడికి?"

"మా అమ్మావాళ్ళింటికి."

"నేనూ వస్తా."

దీసా బండి రెండు మెట్లూ దింపి, గులకరాళ్ళ మీదకి వచ్చాక ఆగింది. పాప కళ్ళు తెరిచి, తల మీదున్న ఆకాశాన్ని, ఆకాశానికి అడ్డంగా ఉన్న తల్లి గడ్డాన్ని చూస్తోంది. వెనక వంటింటి కిటికీలో మూడు మొహాలు, ఒకదాని పక్కన ఒకటి.

"రా" అంది దీసా, వెనక్కి తిరక్కుండా. "రావచ్చు. కానీ మా అమ్మ తలుపు తీసి ఎవరొచ్చారని అడుగుతుంది. ఏం చెప్తావు?"

"హాంపుస్ అని."

"అది ఆవిడకి తెలుసు. నాకేమవుతావని అడుగుతుంది. మూడు నెలలుగా అడుగుతోంది. నేనే ఏదో ఒకటి చెప్పి నీ బదులు పలుకుతున్నాను." బండి పిడి మీద ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి. "ఈసారి నేను పలకను. ఇక్కడే చెప్పు. తొందరేం లేదు. నీకెంత సేపు కావాలంటే అంత సేపు నిలబడతాను. కానీ కిటికీ వైపు చూడకుండా చెప్పు."

హాంపుస్ గాలి తీసుకున్నాడు.

మొదటి అక్షరం పెదవుల దాకా వచ్చింది. అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. కోటు ఒక చేతికే తొడుక్కుని, కారు తాళాలు గలగలలాడిస్తూ బెర్తిల్ గబగబా మెట్లు దిగాడు. రస్క్ వారిలో అంత చురుకుగా నడిచిన మనిషిని ఆ ఇంట్లో అదివరకెవరూ చూసి ఉండరు.

"ఆగండి, నేను దింపుతా" అన్నాడు.

హాంపుస్ తండ్రి వైపు తిరిగాడు.

దీసా బండిని ముందుకు తోసింది.